ఎరుపును చూడలేని గాజు పలక

పందొమ్మిదో శతాబ్దపు ఛాయాచిత్రాల్లో స్త్రీల నుదుటి కుంకుమ నల్లగానే కనిపిస్తుంది. వాళ్లు పెట్టుకున్నది ఎర్రని బొట్టే అయినా, దాన్ని ఎరుపుగా గుర్తించే శక్తి ఆనాడు కెమెరాలో ఫిల్ముకు బదులు వాడిన గాజు పలకకు లేదు.

ఆ పలకపై పూసిన సిల్వర్ బ్రోమైడ్ వంటి రజత లవణాల స్ఫటికంలో ఒక ఎలక్ట్రాన్ విడివడాలంటే, దాన్ని తాకే కాంతికి తగినంత శక్తి ఉండాలి. నీలం, ఊదా కాంతికీ, కంటికి కనిపించని అతినీలలోహితానికీ ఆ శక్తి ఉంది. తరంగదైర్ఘ్యం సుమారు 500 నానోమీటర్లు దాటిన ఆకుపచ్చ, పసుపు, ఎరుపు కాంతికి లేదు. విడివడిన ఎలక్ట్రాన్లు రజత అయాన్లతో కలిసి కొద్దిపాటి లోహపు వెండిగా మారతాయి, ఆ నలుసు ఆధారంగానే డెవలపర్ ద్రావణం స్ఫటికాన్నంతటినీ వెండిగా మార్చి నెగటివ్‌పై నలుపును తెస్తుంది. ఎరుపు పడిన చోట ఇదేదీ జరగదు కనుక నెగటివ్ అక్కడ పారదర్శకంగా మిగిలి, ప్రింటులో నల్లబడుతుంది. నీలాకాశం అందుకు వ్యతిరేకం: ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీన్‌దయాళ్ తీసిన కట్టడాల చిత్రాల్లో ఆకాశం చాలాచోట్ల తెల్లని కాగితంలా ఖాళీగా ఉంటుంది.

ఈ విషయంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టేది మనిషి చర్మం. గోధుమవర్ణపు చర్మం ఎరుపు, పసుపు కాంతిని ఎక్కువగానూ, నీలాన్ని తక్కువగానూ పరావర్తనం చేస్తుంది కనుక, ఆనాటి పలకపై అది కంటికి కనిపించే దానికన్నా ముదురుగా పడింది. 1868-75 మధ్య బ్రిటిష్ పాలకులు భారతీయ జాతులను, కులాలను వర్గీకరిస్తూ ఎనిమిది సంపుటాల ఛాయాచిత్రాలను వెలువరించారు. వాటిలోని మేనిఛాయలను యథార్థ సాక్ష్యంగా చదవడం సరికాదని నా అభిప్రాయం, ఎందుకంటే ఆ నలుపులో కొంత వాటా రసాయనానిది.

1873లో జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ విల్హెల్మ్ ఫోగెల్, కొన్ని రంజకాలు కలిపితే పలక ఆకుపచ్చ, పసుపు కాంతికి కూడా స్పందిస్తుందని కనుగొన్నాడు. ఎరుపును సైతం గ్రహించే పాన్‌క్రొమాటిక్ పలకలు 1906లో మార్కెట్లోకి వచ్చాయి. అప్పటివరకు డార్క్‌రూమ్‌లో నిశ్చింతగా వెలిగించుకున్న ఎర్రదీపాన్ని వాటికోసం ఆర్పక తప్పలేదు.

పాత చిత్రాలకు నేడు సాఫ్ట్‌వేర్‌తో రంగులద్దేవారు ఇది గమనించాలి. ఎర్రచీరా ముదురాకుపచ్చ చీరా ఆ పలకపై ఒకే ముదురు ఛాయగా పడి ఉండవచ్చు కనుక, అసలు రంగు తేల్చడానికి ఆ కాలపు వస్త్రాన్నో, రాసిపెట్టిన వర్ణననో వెతకవలసిందే.