బయోస్ అప్‌డేట్: బోర్డు సంగతి తర్వాత, ముందు రికవరీ కీ ఎక్కడుందో చూడండి

బయోస్ అంటే కంప్యూటర్ ఆన్ కాగానే మొదట నడిచే ప్రోగ్రామ్. దాన్ని అప్‌డేట్ చేస్తుంటే మధ్యలో కరెంటు పోతే మదర్‌బోర్డు పోతుందన్నది అందరి భయం. ఆ భయంలో న్యాయం ఉంది. అయితే అది డబ్బుతో పోయేది. పెళ్లి ఫొటోలు, పదేళ్ల లెక్కలు పోగొట్టే అపోహ వేరే ఉంది.

అపోహ: బయోస్ ఉండేది బోర్డు మీది చిప్‌లో. డిస్క్‌తో దానికి పనేముంది?

సగం నిజం. అప్‌డేట్ మీ ఫైళ్లలో ఒక్క అక్షరం కూడా మార్చదు. కానీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సెటప్ చేసిన విండోస్ 11 ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో డ్రైవ్ ఎన్‌క్రిప్షన్, అంటే డిస్క్‌లోని డేటాకు తాళం వేయడం, అడగకుండానే ఆన్ అయి ఉంటుంది. దాని తాళంచెవి టీపీఎం అనే భద్రతా చిప్ దగ్గరుంటుంది. ఫర్మ్‌వేర్ (బయోస్ లాంటి, చిప్‌లో ఉండే ప్రోగ్రామ్) మారిందని అనుమానం వస్తే టీపీఎం తాళంచెవి ఇవ్వదు. అప్పుడు నీలం తెర మీద 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది.

ఏఎండీ రైజెన్ ప్రాసెసర్లున్న బోర్డుల్లో ఇంకో గండం. అప్‌డేట్ తర్వాత నల్ల తెర మీద ఎఫ్‌టీపీఎం (ప్రాసెసర్‌లోనే ఉండే టీపీఎం) రీసెట్ చేయాలా అని అడగొచ్చు: 'వై' అంటే చెయ్యి, 'ఎన్' అంటే పాతదే ఉంచు. కంగారులో 'వై' నొక్కేస్తారు, దాంతో అందులోని తాళంచెవి చెరిగిపోతుంది. కీ చేతిలో లేకపోతే 'ఎన్' నొక్కండి. కీ లేని డ్రైవ్‌ను ఏ షాపువాళ్లూ తెరవలేరు. తెరుస్తామని డబ్బులు అడిగేవాళ్ల మాట నమ్మకండి.

కాబట్టి ముందు మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో కీ చూసి కాగితం మీద రాసుకోండి. కీ ఐడీలో మొదటి 8 అక్షరాలు కూడా రాయండి, రికవరీ తెర మీద వాటితోనే సరిచూసుకోవాలి. ప్రో ఎడిషన్ అయితే బిట్‌లాకర్‌ను (ఆ ఎన్‌క్రిప్షన్‌కు విండోస్ పెట్టిన పేరు) సస్పెండ్ చేయండి, అంటే తాత్కాలికంగా ఆపండి. హోమ్ అయితే డివైస్ ఎన్‌క్రిప్షన్ ఆఫ్ చేసి, డీక్రిప్షన్ పూర్తయ్యేదాకా ఆగండి. ముఖ్యమైన ఫైళ్లు వేరే డిస్క్‌లోకి కాపీ చేసుకోండి.

అప్‌డేట్ తర్వాత సెట్టింగులు మొదటికి రావచ్చు. డిస్క్‌ను ఎలా చదవాలో, ఎలా బూట్ చేయాలో చెప్పే వీఎండీ, రెయిడ్, సీఎస్ఎం సెట్టింగులు మారితే విండోస్ బూట్ కాకపోవచ్చు, పాత డిస్క్ అసలు కనబడకపోవచ్చు. డిస్క్ ఖాళీ అయిందనుకుని ఫార్మాట్ కొట్టేవాళ్లున్నారు. ముందే ఆ సెట్టింగుల పేజీలు ఫోన్‌తో ఫొటో తీసుకుంటే, తిరిగి అలాగే పెట్టుకోవడం రెండు నిమిషాల పని.

అపోహ: మధ్యలో ఆగితే బోర్డు చెత్తబుట్టకే. కాదు. ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉన్న బోర్డుకు ప్రాసెసర్, ర్యామ్ లేకపోయినా 24 పిన్, 8 పిన్ పవర్ ఇచ్చి, ఎఫ్ఏటీ32 పెన్‌డ్రైవ్‌తో మళ్లీ రాయొచ్చు. ఫైలు పేరు మాన్యువల్‌లో చెప్పినట్టే ఉండాలి. లైటు ఆగేదాకా పెన్‌డ్రైవ్ తీయకండి. బటన్ లేకపోతే 8 కాళ్ల బయోస్ ఫ్లాష్ చిప్‌ను ప్రోగ్రామర్ అనే పరికరంతో రాస్తారు; 1.8 వోల్టుల చిప్‌కు 3.3 ఇస్తే అది కాలిపోవచ్చు, అడాప్టర్ తప్పనిసరి. సీమాస్ బ్యాటరీ (బోర్డు మీది గుండ్రటి చిన్న బ్యాటరీ) తీసిపెడితే పాడైన బయోస్ బాగవదు, సెట్టింగులే పోతాయి.

అపోహ: తెర నల్లగా ఉంది, బోర్డు పోయింది. ఏఎండీ ఏఎం5 బోర్డు, డీడీఆర్5 ర్యామ్ కలిస్తే మొదటి బూట్‌లో మెమరీ ట్రైనింగ్‌కు, అంటే బోర్డు ర్యామ్‌ను పరీక్షించి సరిచేసుకోవడానికి, చాలా నిమిషాలు పట్టొచ్చు. పావుగంట ఆగండి, పవర్ తీసేయకండి.

అపోహ: నడుస్తున్నదాన్ని ముట్టుకోకూడదు. ఇంటెల్ 13, 14 తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లు ఎక్కువ వోల్టేజీతో దెబ్బతింటుంటే 2024లో వచ్చిన మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి చిన్న ప్రోగ్రామ్) సవరణలు బయోస్ అప్‌డేట్ల ద్వారానే అందాయి. అవి జరగబోయే నష్టాన్ని ఆపడానికే. అప్పటికే పాడైన చిప్‌ను బాగుచేయవు. ఆ ప్రాసెసర్ ఉండి బయోస్ తేదీ 2024 ఆగస్టు కన్నా పాతదైతే ఈ వారమే చేయండి, కీ రాసుకున్నాకే.