ఇరవై ఎత్తులు ముందే చూస్తారా? చెస్ కోచ్ చెప్పే అపోహలు - వాస్తవాలు

పిల్లల్ని మొదటిసారి క్లాసుకు తెచ్చే తల్లిదండ్రులు తరచూ అడిగే మాట: "సార్, మావాడు ఎన్ని ఎత్తులు ముందుకు ఆలోచించగలడు?"

అపోహ: గ్రాండ్‌మాస్టర్లు ప్రతిసారీ పది, ఇరవై ఎత్తులు ముందే చూస్తారు.

వాస్తవం: చెరో ఎత్తు వేసేసరికే 400 రకాల ఆటలు. అన్నీ చూడటం కంప్యూటర్ పని. 1997లో ప్రపంచ ఛాంపియన్ కాస్పరోవ్‌ను ఓడించిన డీప్ బ్లూ అనే కంప్యూటర్ సెకనుకు 20 కోట్ల స్థితులు లెక్కేసేది. డచ్ మనస్తత్వవేత్త డి గ్రూట్ ఆటగాళ్లను పైకి చెబుతూ ఆలోచించమన్నాడు. 1946లో వచ్చిన ఆ పరిశోధనలో గ్రాండ్‌మాస్టర్లు, వాళ్లకంటే ఓ మెట్టు కిందివాళ్లకన్నా పెద్దగా లోతుకు వెళ్లలేదు. మంచి ఎత్తు మాత్రం గ్రాండ్‌మాస్టర్లకే దొరికింది. అలాగని లోతు దండగ కాదు. నాలుగు గుర్తులు వరసగా పేర్చే ఆటపై 2023లో నేచర్ అనే సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనంలో, నైపుణ్యంతోపాటు లోతూ పెరిగింది. కొత్త పిల్లలకు ఒక ఎత్తు నుంచి మూడుకు రావడమే గగనం.

అపోహ: నష్టం కనబడితే ఆ దారి వదిలేయడమే తెలివి.

వాస్తవం: నాకు ఎక్కువ పని పెట్టేది ఇదే. లెగాల్ మేట్ చూపిస్తాను, క్వీన్‌ను వదులుకుని రాజును కట్టేసే పాత ఎత్తుగడ అది. తెల్ల గుర్రం కదిలితే వెనక క్వీన్ నల్ల బిషప్‌కు దొరుకుతుంది. "క్వీన్ పోతుంది కదా సార్!" అని పిల్లాడు అక్కడే ఆగిపోతాడు. "పోయాక?" అంటాను. బోర్డు వంక చూస్తాడు తప్ప జవాబు రాదు. అప్పుడు వేసి చూపిస్తాను. గుర్రం 'ఈ5' గడిలోని బంటును కొట్టింది, నల్ల బిషప్ క్వీన్‌ను తీసుకుంది. మన బిషప్ 'ఎఫ్7' బంటును కొట్టి చెక్. నల్ల రాజుకు మిగిలింది 'ఈ7' గడి ఒక్కటే. రెండో గుర్రం 'డీ5'కి వస్తే మేట్, రాజుకు ఇక దారి లేదు, ఆట ముగిసింది. మనవి మూడే ఎత్తులు!

ఇది పిల్లల తప్పు కాదు. పెద్ద నష్టం ఎదురైతే, ఆ తర్వాత లాభమున్నా సరే, మనసు ఆ ఆలోచన కొమ్మను అక్కడే నరికేస్తుందని 2012లో ఒక ప్రయోగంలో తేలింది. చాలాసార్లు అలా నరకడమే మంచిది, లేకపోతే గడియారంలో మన టైం అయిపోతుంది.

అపోహ: ఫొటోలాంటి జ్ఞాపకశక్తి ఉండాలి.

వాస్తవం: అక్కర్లేదు. పావుల్ని ఇష్టమొచ్చినట్టు చల్లి కాసేపు చూపించి, గుర్తుతెచ్చుకుని పేర్చమంటే మాస్టర్లూ దాదాపు మనలాగే తడబడతారు. 1973లోనే తేలిన సంగతి.

అపోహ: చెస్ నేర్చుకుంటే లెక్కల్లో మార్కులు వాటంతటవే పెరుగుతాయి.

వాస్తవం: ఇంగ్లండ్‌లో 100 ప్రైమరీ స్కూళ్లు తీసుకుని, సగం స్కూళ్లలో 30 గంటలు చెస్ నేర్పి, ఏడాది తర్వాత అందరికీ పరీక్ష పెట్టారు. లెక్కల మార్కుల్లో తేడా కనబడలేదు. ఫీజు కట్టకముందే ఈ మాట చెప్పేస్తాను. విని లేచి వెళ్లిపోయినవాళ్లూ ఉన్నారు.