కొత్త రేడియో కొంటే పాత రిసీవర్లు ఎందుకు పనికిరావు

కోతలైపోయి కయ్యలు ఎండినాక నెల్లూరు చుట్టుపక్కల మోడల్ విమానాలు ఎగరేసే పిలకాయల్ని అడగండి, కొత్త రేడియో (విమానాన్ని నడిపే చేతి రిమోట్, ట్రాన్స్‌మిటర్ అన్నా అదే) అంటే వాళ్ల భయం దాని రేటు గురించి కాదు, ఇంట్లో ఉండే విమానాలన్నిట్లో దాని సిగ్నల్ అందుకునే రిసీవర్లు మార్చాల్సొస్తుందే అని. ఈ బాధ మొదట్నించీ లేదు, మధ్యలో వచ్చింది.

ముందు క్రిస్టల్ రోజులు, సెట్టు ఏ చానెల్ మీద పనిచెయ్యాలో ఒక చిన్న క్రిస్టల్ ముక్క తేల్చే కాలం. 35 మెగాహెర్ట్జ్ సెట్లు, అమెరికాలో ఉండే చుట్టాలు తెచ్చిస్తే 72. ట్రాన్స్‌మిటర్‌కి పొడుగ్గా లాగే ఏరియల్, రిసీవర్ నించి మీటరు దాకా వైరు తోక వెనక వేలాడేది. ఒకే చానెల్ మీద ఇద్దరు ఆన్ చేశారంటే గాల్లో ఉండేది నేల మీదికే, అందుకే ఫీల్డులో ఒక బోర్డు, దానికి చానెల్ నెంబరు రాసిన బట్టల క్లిప్పులు, నీ నెంబరు క్లిప్పు నీ చేతికొస్తేనే స్విచ్ వెయ్యాల. అంత ఇబ్బందిలోనూ ఒక సుఖం ఉండేది, మామూలు పీపీఎం (స్టిక్కుల కదలికని పల్సులుగా పంపే పద్ధతి) సెట్లలో షిఫ్ట్ (సిగ్నల్ పైకి జరుగుతుందా కిందికా అనేది) కలిస్తే చాలు, ఫ్యుటాబా కంపెనీ ట్రాన్స్‌మిటర్‌తో హైటెక్ కంపెనీ రిసీవర్ ఎగిరేది. కదలికని అంకెలుగా మార్చి పంపే పీసీఎం వచ్చినప్పుడే ఎవరిది వాళ్లదైంది గానీ అప్పుడు పెద్దగా ఎవరూ పట్టించుకోలా.

2005లో స్పెక్ట్రమ్ కంపెనీ డీఎక్స్6 రేడియో వచ్చింది, 2.4 గిగాహెర్ట్జ్ మీద. మన దేశంలో కూడా ఆ బ్యాండ్‌కి లైసెన్స్ అక్కర్లేదని అదే ఏడాది చెప్పేశారు. రిసీవర్‌ని బైండ్ చేస్తే, అంటే ఒక ట్రాన్స్‌మిటర్‌తో జత కలిపితే, అది తన ట్రాన్స్‌మిటర్ మాటే వింటది, క్లిప్పుల పనే లేదు. మీటరు వైరు పోయి చివర తొడుగు తీసిన 31 మిల్లీమీటర్ల ముక్క మిగిలింది, తరంగంలో నాలుగో వంతు అన్నమాట, అది తెగితే రేంజ్ పోయినట్టే, కార్బన్ రాడ్‌కి ఆనించినా అంతే. భద్రత విషయంలో ఇంతకన్నా మంచి మార్పు ఈ హాబీలో రాలేదని నా నమ్మకం. కానీ స్పెక్ట్రమ్ డీఎస్ఎమ్, ఫ్యుటాబా ఫాస్ట్, ఫ్లైస్కై ఏఎఫ్‌హెచ్‌డీఎస్, ఇట్టా ఎవరి ప్రోటోకాల్ (ట్రాన్స్‌మిటర్, రిసీవర్ మాట్లాడుకునే భాష) వాళ్లు పెట్టుకున్నారు, రిసీవర్ల గొడవంతా ఇక్కడ్నించే.

ఈ చిక్కుని విప్పింది కంపెనీలు కాదు, ఇళ్లలో కూర్చుని కోడ్ రాసినోళ్లు. నాలుగు రేడియో చిప్పులుండే మల్టీ ప్రోటోకాల్ మాడ్యూల్ ఒక్కటి రేడియో వెనక తగిలిస్తే స్పెక్ట్రమ్, ఫ్లైస్కై, పాత ఫ్రస్కై రిసీవర్లు చాలావరకు ఒకే రేడియోకి పలుకుతాయి. మనవాళ్లు చాలామంది మొదట కొనే ఫ్లైస్కై ఎఫ్ఎస్-ఐ6 రేడియోకి ఆ మాడ్యూల్ పెట్టే చోటే లేదు, అందుకే రెండో రేడియో కొనేటప్పుడు వెనక మాడ్యూల్ బే ఉందా, ఎడ్జ్‌టీఎక్స్ (రేడియోలో వేసుకునే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్) నడుస్తుందా అని చూడమంటాను, స్టిక్కుల నునుపు తర్వాత సంగతి.

ఇప్పుడు ఎక్స్‌ప్రెస్‌ఎల్ఆర్ఎస్ అనే ప్రోటోకాల్ కూడా ఓపెన్ సోర్సే, ఎవరు చేసిన రిసీవరైనా పలుకుతుంది, వెర్షన్లు, బ్యాండ్ కలిస్తే చాలు. మైపాడు, కొత్తపట్నం బీచ్‌ల్లో ఎగరేసేవాళ్లకి 2.4దే సరిపోతుంది. అమెరికా నించి 915 మెగాహెర్ట్జ్ మాడ్యూల్ మాత్రం తెప్పించుకోవద్దు, ఇక్కడ లైసెన్స్ లేకుండా వాడేది 865 నించి మొదలయ్యే బ్యాండు, సెట్టింగుల్లో దానికి ఇండియా 866 అని విడిగానే ఉంది.