కొట్టం కడిగిన నీళ్లు ఎక్కడికి పోవాలి?

ప్రియమైన బిడ్డలకు, మీ తాత ఆశీస్సులు.

బర్రెల కొట్టం కడిగిన నీళ్లు ఎందుకంత కంపు కొడతాయి, వాటిని కాలువలోకి వదిలితే ఏమవుతుంది అని అడిగారు. చాలా మంచి ప్రశ్న. పెద్దవాళ్లు కూడా అడగాల్సిన ప్రశ్న.

అప్పుడే వేసిన పెండకు అంత వాసన ఉండదు. ఉచ్చకూ అంతే. రెండూ కలిసి నిలవుంటేనే గొడవ. ఉచ్చలో యూరియా ఉంటుంది, మనం చేనుకు చల్లేదే. పెండలోని సూక్ష్మజీవుల దగ్గర యూరియేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. అది తగిలిన కొన్ని గంటల్లోనే యూరియా విరిగి అమ్మోనియా లేస్తుంది. పొద్దున్నే కొట్టంలో అడుగుపెడితే కళ్లు మండేది అందుకే. ఆ నీళ్లు గుంతలో కదలకుండా నిలిచి లోపల గాలి లేకపోతే, వేరే రకం సూక్ష్మజీవులు చేరి కుళ్లిన గుడ్డు వాసన తెచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్‌ను వదులుతాయి.

అందుకే కొట్టంలో ముందు పైపు పట్టనివ్వను. ముందు పార, చీపురు. పెండంతా తట్టలకెత్తాకే నీళ్లు. నేల కాస్త వాలుగా ఉంటే ఉచ్చ ఎప్పటికప్పుడు మోరీలోకి జారిపోతుంది. పెండను నీళ్లతో తోసెయ్యడం సులువే కానీ, బుట్టెడు పెండ డ్రమ్ముల కొద్దీ మురికినీళ్లవుతుంది.

ఆ మురికి కాలువ వెంట పోయి కుంటలో కలిస్తే, దాన్ని తినే సూక్ష్మజీవులు నీళ్లలోని ఆక్సిజన్‌ను లాగేసుకుంటాయి. తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయంటే వాటికి ఊపిరి ఆడటం లేదన్నమాట. నత్రజని, భాస్వరం తిని నాచు, గుర్రపుడెక్క కమ్ముకుంటాయి.

నాకు అంతకన్నా ఎక్కువ టెన్షన్ బోర్ల గురించే. మన దగ్గర పైన ఎర్రమట్టి, కింద పగుళ్లు పట్టిన రాయి. మురికిలోని నత్రజని మట్టిలో నైట్రేట్‌గా మారి, ఆ పగుళ్లలోంచి బోరు నీళ్లలోకి దిగుతుంది. తాగేనీళ్లలో అది లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదు. దాటిన నీళ్లతో పాలపొడి కలిపి పడితే పసిపిల్లలకు రక్తంలో ఆక్సిజన్ అందక ఒళ్లు నీలంగా మారే ప్రమాదం ఉంది. మన జిల్లాకు ఫ్లోరైడ్ బాధ ఎలాగూ ఉంది. దాన్ని తీయడానికి నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ పటిక, సున్నంతో కనిపెట్టిన పద్ధతికి నల్గొండ టెక్నిక్ అనే పేరు. కానీ దానితో నైట్రేట్ పోదు. కాచినా పోదు, నీళ్లు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది.

ఎత్తిన పెండ గోబర్ గ్యాస్ తొట్టికి పోవాలి. పెండ ఎంతో నీళ్లూ అంతే కలిపి పోస్తే, సుమారు 25 కిలోల పెండకు ఒక ఘనపు మీటరు గ్యాస్ వస్తుంది. 1984లో వచ్చిన దీనబంధు మోడల్ తొట్టి భూమిలోనే ఉంటుంది, ఇనుప డోము అక్కర్లేదు. ఫినాయిల్ పోసి కడిగిన నీళ్లు మాత్రం అందులో పడకూడదు. గ్యాస్ చేసే సూక్ష్మజీవులే చచ్చిపోతాయి. గ్యాస్ పోయాక బయటికొచ్చే పెండనీళ్లకు, అంటే స్లర్రీకి, కంపు బాగా తగ్గుతుంది. అది చూసి చాలామంది నీళ్లు శుభ్రమైపోయాయని మోరీలోకి వదిలేస్తారు. తగ్గింది వాసనే, నత్రజని ఎక్కడికీ పోలేదు. స్లర్రీ చేనుకే పోవాలి. ముసురు పట్టిన రోజుల్లో పారించకూడదు, వానకు కొట్టుకొచ్చి మళ్లీ కుంటలోనే పడుతుంది.

ఇక కడిగిన నీళ్లు. జాలీ దాటించి ఒక తొట్టిలో నిలిపితే మడ్డి అడుక్కు దిగుతుంది. పైతేట కంకర పోసి జమ్ము, మెట్టతామర నాటిన మడిలోంచి మెల్లగా పారాలి. వాటి వేర్లు కొంత గాలిని కిందికి చేరవేస్తాయి, అక్కడి సూక్ష్మజీవులు మురికిని తింటాయి. మడి దాటిన నీళ్లు నేపియర్ గడ్డికి పెట్టుకోవచ్చు. సెలవులకు వచ్చినప్పుడు ఈ మడ్డి దిగే తొట్టి నీళ్లు ఒక సీసాలో, మడి దాటినవి ఇంకో సీసాలో పట్టి పక్కపక్కన పెట్టి చూద్దాం.

ఒక మాట మాత్రం గట్టిగా చెప్తున్నా. గ్యాస్ తొట్టిలోకి, స్లర్రీ గుంతలోకి ఎవరూ దిగొద్దు, వంగి తొంగిచూడొద్దు. బంతి పడితే పడనీ. హైడ్రోజన్ సల్ఫైడ్ ఎక్కువైతే ముక్కుకు వాసనే తెలియకుండా పోతుంది, మనిషి అక్కడికక్కడే కూలిపోతాడు. కాపాడదామని దిగినవాళ్ల ప్రాణాలూ పోతాయి. ఎవరైనా పడితే మీరు దూరంగా నిలబడి పెద్దవాళ్లను కేకేయండి, 108కి ఫోన్ చేయించండి.

ఇట్లు,
మీ తాత