ఉద్యోగం చేస్తూ పెద్దవాళ్లను చూసుకునేవారి మనసు: అపోహలు - వాస్తవాలు

అపోహ: ఆయాను పెట్టుకుంటే భారం తీరినట్టే.
తీరేది ఒంటి శ్రమే. బీపీ మాత్రలు ఎన్నున్నాయి, రేపు ఆయా రాకపోతే ఎలా అన్న లెక్కంతా బుర్రలోనే ఉంటుంది. మీటింగ్‌లో ఫోన్ బోర్లా పెట్టినా చెవి అటే. అందుకే ఆ లెక్కను కాగితం మీదకు దించాలి. మందుల పేర్లు, మోతాదు, వేళలు ఒక్క పేజీలో రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించండి. ఆదివారం కూర్చుని వారానికి సరిపడా మాత్రల డబ్బా నింపండి. ఆయా ఫోన్‌కి 11, 4 గంటలు ఖాయం చేయండి. మూతి వంకర పోయినా, మాట తడబడినా, ఊపిరి ఆడకపోయినా ముందు 108, తర్వాతే మీకు.

అపోహ: విసుక్కున్నామంటే ప్రేమ తగ్గింది.
ముందు నిద్ర లెక్క చూడండి. పది గంటలకు పడుకుని ఐదింటికి లేచినా, మధ్యలో మూడుసార్లు అమ్మను బాత్రూమ్‌కి తీసుకెళ్తే అది ఏడు గంటల నిద్ర కాదు. తెగిన నిద్రకి కోపం ముందొస్తుంది, ఏడుపు తర్వాత. వారానికి కనీసం రెండు రాత్రులు వేరే గదిలో పడుకోండి, ఆ డ్యూటీ ఇంకొకరిది. అమ్మ నీళ్ల మాత్ర (మూత్రం ఎక్కువగా వచ్చేలా చేసేది) సాయంత్రం వేసుకుంటుంటే, పొద్దుటికి మార్చవచ్చేమో డాక్టర్ని అడగండి. లేవాల్సి వస్తుందని ఆమెకు నీళ్లు మాత్రం తగ్గించకండి.

అపోహ: అమెరికాలో ఉన్న తమ్ముడు డబ్బు పంపడం తప్ప ఏం చేయగలడు?
చాలా చేయగలడు. ఇన్సూరెన్స్ క్లెయిము, మందుల ఆర్డరు, అపాయింట్‌మెంట్లు అతనికి అప్పగించండి. ఇక్కడ సాయంత్రం 7 అంటే న్యూయార్క్‌లో పొద్దున. మతిమరుపు జబ్బున్నవారిలో చాలామందికి కంగారు పెరిగేది సాయంత్రాలే. మీరు వంట చేసే ఆ అరగంట వీడియో కాల్ అతనిది. మన ఇళ్లలో ఇది అడగడానికి మొహమాటపడతారు, డబ్బు అడగడానికంటే ఎక్కువగా.

అపోహ: ఆఫీసులో చెబితే ప్రమోషన్ పోతుంది.
పోదని హామీ ఎవరూ ఇవ్వలేరు. కానీ జబ్బు చరిత్రంతా చెప్పక్కర్లేదు. "మూడు నెలలు మంగళ, శుక్రవారాల్లో 3కి వెళ్తాను, మిగిలింది రాత్రి 8 నుంచి 10 లోపు పూర్తిచేస్తాను" అని మెయిల్ పెట్టండి. గడువు ఉన్న కోరికకి మేనేజర్ తేలిగ్గా ఒప్పుకుంటాడు. ఈఎస్‌ఐ ఉంటే, మీపై ఆధారపడిన తల్లిదండ్రులకూ వైద్యం అందుతుంది.

అపోహ: కౌన్సెలింగ్ పిచ్చివాళ్లకి.
అవకాశం దొరికినా నిద్ర రాకపోవడం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం రెండు వారాలు దాటితే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, 24 గంటలూ, తెలుగులోనే. "ఇద్దరం పోతే బాగుండు" అనిపిస్తే రెండు వారాలు ఆగకండి, అప్పుడే చేయండి.