పెరుగుకు తోడు, మురుగుకు బురద

బెంగళూరులో మారతహళ్లి, బెళ్లందూరు వైపు ఉండే తెలుగువాళ్లు నలుగురు కలిస్తే ట్రాఫిక్ తరవాత వచ్చే మాట ఎస్టీపీ, అంటే అపార్ట్‌మెంటు మురుగునీటిని శుద్ధిచేసే ప్లాంటు. వాసనొస్తే అసోసియేషన్‌ను తిడతాం, మెయింటెనెన్స్ పెంచితే మళ్లీ వాళ్లనే తిడతాం. బేస్‌మెంట్‌లో ఆ ట్యాంకు చేసే పనికి మాత్రం నూరేళ్లు దాటిన కథ ఉంది.

1912లో మాంచెస్టర్ రసాయన శాస్త్రవేత్త గిల్బర్ట్ ఫౌలర్ అమెరికాలోని లారెన్స్ ప్రయోగ కేంద్రంలో మురుగులోకి గాలి పంపి చేస్తున్న పరీక్షలు చూశాడు. ఇంటికొచ్చి ఆ సంగతి మాంచెస్టర్‌లోని తోటి రసాయన శాస్త్రవేత్తలు ఆర్డెర్న్, లాకెట్‌లకు చెప్పాడు. వాళ్లు సీసాలో మురుగు పోసి గాలి ఊదితే, అందులోని అమోనియా పూర్తిగా నైట్రేట్‌గా మారడానికి దాదాపు 5 వారాలు పట్టింది. ఏ ఊరు ఆగుతుంది అన్నాళ్లు? అప్పుడు పైనీళ్లు వంపేసి, అడుగు బురదను అలాగే ఉంచి, దాని మీద కొత్త మురుగు పోశారు. మళ్లీ మళ్లీ అదే పని. మనం పాలల్లో తోడు వేస్తామే, అలాగన్నమాట. బురదలో బ్యాక్టీరియా పెరిగేకొద్దీ గడువు తగ్గి, చివరికి ఒక రోజులోపుకు వచ్చింది. 1914లో వాళ్లు ప్రకటించిన ఈ యాక్టివేటెడ్ స్లడ్జ్ పద్ధతే చాలా ఎస్టీపీలకు మూలం.

ఆ ఫౌలర్ 1916లో బెంగళూరుకే వచ్చాడు, ఐఐఎస్సీలో ప్రొఫెసర్‌గా! ఇంత దగ్గరి సంగతి మనలో ఎంతమందికి తెలుసు?

1974లో బెంగళూరుకు కావేరి నీళ్లు వచ్చాయి. ఊరు పెరిగింది, వచ్చిన నీళ్లలో ఎక్కువ భాగం మురుగై లోయల్లోకి దిగింది. శుద్ధి దానితో సమానంగా పెరగలేదు. 2015లో బెళ్లందూరు చెరువు నురగకు నిప్పంటుకుంది. 2017లో, 2018లో చెరువులో మళ్లీ మంటలు.

ఆ 2018 జూన్‌లోనే బెంగళూరు కోరమంగల-చల్లఘట్ట లోయలో శుద్ధి చేసిన నీళ్లు కోలారు చెరువులకు చేరాయి. రోజుకు 44 కోట్ల లీటర్లు ఇవ్వాలన్నది లక్ష్యం. ఇళ్లలో తెలుగు వినిపించే కరువు జిల్లా అది, చెరువు నిండితే సంబరమే. కొన్ని వారాలకే అక్కడా నురగ కనిపించింది, గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. రెండో దశ, అంటే బ్యాక్టీరియా చేసే శుద్ధితోనే వదులుతున్నారు, మిగిలినవి తీసే మూడో దశ ఏదీ అన్నది అభ్యంతరం. నా లెక్కలో అది న్యాయమైన ప్రశ్నే. బ్యాక్టీరియా మలాన్నీ, అన్నం గంజినీ తింటాయి. సీసం, క్రోమియంలాంటి లోహాలను అరిగించుకోలేవు.

అపార్ట్‌మెంట్లలో తిప్పలు వేరు. కరెంటు బిల్లుకు జడిసి రాత్రిళ్లు ట్యాంకులోకి గాలి ఊదే బ్లోవర్ ఆపించే కమిటీలున్నాయి. గాలి లేక మంచి బ్యాక్టీరియా చస్తే, గాలి అక్కర్లేనివి రాజ్యమేలతాయి. కంపు అక్కడిదే. బాత్‌రూముల్లో ఎడాపెడా పోసే యాసిడ్ దీనికి తోడు.

మా ఎస్టీపీ ఆపరేటర్ రోజూ పొద్దున గాలి ఊదే ఎయిరేషన్ ట్యాంకులోంచి లీటరు నీళ్లు గాజు జాడీలోకి తీసి అరగంట కదపకుండా ఉంచుతాడు. గోధుమరంగు బురద కిందికి దిగి, పైన తేటనీళ్లు నిలిస్తే ఆ రోజుకు ఆయనకు టెన్షన్ లేదు.