దర్శి, పొదిలి నీళ్ల కథ: బోరింగు నుంచి ఆర్వో ప్లాంటు దాకా

ఉమ్మడి ప్రకాశం జిల్లా పడమటి మండలాల్లో ఇప్పుడు మినరల్ వాటర్ ప్లాంటు లేని ఊరు అరుదు. కొన్ని పంచాయతీవి, కొన్ని వ్యాపారానికి పెట్టినవి, చాలావరకు మాత్రం ట్రస్టులో, ఊరొదిలి వెళ్లి బాగుపడినవాళ్లో అమ్మానాన్నల పేరున కట్టించినవి. గోడ మీద దాత పేరు, ప్రారంభించిన తేదీ, పెద్దల ఫొటో ఉంటాయి. ఊరి బోరులో ఫ్లోరైడ్ ఎంతుందో, ప్లాంటు దాటి క్యాన్‌లోకి వచ్చే నీళ్లలో ఎంత మిగిలిందో చెప్పే బోర్డు మాత్రం చాలాచోట్ల కనపడదు. ఇక్కడి సేవాసంస్థలు నీళ్లు ఇవ్వడంలో ఎప్పుడూ వెనకాడలేదు. నీళ్ల గురించి చెప్పడంలోనే వెనకబడ్డాయి. ఆ లోటు ఎక్కడ మొదలైందో చూడాలంటే చాలా వెనక్కి వెళ్లాలి.

తాగేనీటిలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు పాడయ్యే జబ్బు ఫ్లోరోసిస్. దాన్ని మన దేశంలో మనుషుల్లో తొలిసారి పోల్చుకున్నది ఈ గడ్డ మీదే. అప్పటికి దర్శి, పొదిలి, కనిగిరి నెల్లూరు జిల్లాలో ఉండేవి. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు ఇటు కలిశాయి, 1972లో ఆ జిల్లాకే ప్రకాశం పేరు వచ్చింది. అందుకే పాత వైద్యపత్రాల్లో ఈ జబ్బు నెల్లూరు జిల్లా పేరుతోనే కనిపిస్తుంది. 1930లలో దీన్ని ముందుగా పసిగట్టింది డాక్టర్లు కాదు, రైతులు. దర్శి వైపు ఎద్దులు కీళ్లు బిగుసుకుని, అడుగు తీసి అడుగు వేయలేక, అరకకు పనికిరాకుండా పోయేవి. అదే తెగులు తమ నడుముల్లోనూ ఉందని అప్పటికి ఎవరికీ తట్టలేదు. ముసలితనమనీ వాతమనీ సరిపెట్టుకున్నారు. 1937లో బ్రిటిష్ వైద్య శాస్త్రవేత్త షార్ట్, ఆయన సహచరులు ఇక్కడి మనుషులను పరీక్షించి ఇది తాగేనీటిలోని ఫ్లోరిన్ వల్ల వచ్చే విషప్రభావమని ప్రకటించారు. మలేరియా క్రిమి రక్తంలోకి రాకముందు కాలేయంలో దాక్కుంటుందని 1948లో గార్న్‌హామ్‌తో కలిసి తేల్చింది కూడా ఈ షార్టే. అంతటివాడు కళ్లారా చూసి రాసిపెట్టిన జబ్బు, తొంభై ఏళ్లు కావస్తున్నా ఇంకా ఇక్కడ పిల్లల పళ్ల మీద కనిపిస్తోందంటే మనసుకు కష్టంగా ఉంటుంది.

కారణం నేలలోనే ఉంది. ఇక్కడి రాతిపొరల్లో ఫ్లోరైడ్ ఉన్న ఖనిజాలు ఎక్కువ. వానలు తక్కువ కాబట్టి భూమిలోకి దిగిన నీరు ఏళ్ల తరబడి ఆ రాళ్లను ఒరుసుకునే ఉంటుంది. నీటిలో సున్నం తక్కువై చౌడు గుణం ఎక్కువైతే ఫ్లోరైడ్ ఇంకా తేలిగ్గా కరుగుతుంది. లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదని, వేరే దారి లేనిచోట 1.5 దాకా సరిపెట్టుకోవచ్చని మన ప్రమాణాలు చెబుతాయి. అది దాటిన నీళ్లు చిన్నప్పటి నుంచి తాగితే పళ్లు గారకడతాయి. ఏళ్లు గడిచేకొద్దీ ఎముకల్లో పేరుకుని మెడ తిరగదు, నడుము వంగదు. ముదిరాక మందు లేదు. అందుకే ఈ జబ్బులో నివారణే వైద్యం.

సేవాసంస్థల పాత్ర పెరిగింది కరువుల్లో. చెరువులు ఎండి, దిగుడుబావుల్లో అడుగునీళ్లు మిగిలిన రోజుల్లో బోరు వేయించడాన్ని మించిన పుణ్యం కనపడలేదు. ఆ పని తప్పు కాదు. బావుల్లోకి దిగి నీళ్లు ముంచుకునే అలవాటు తగ్గడం వల్లే నారికురుపు మన దేశం విడిచిపోయింది, 1996 తర్వాత ఒక్క కేసూ లేదు. కలరా, విరేచనాలూ తగ్గాయి. అయితే ఆనాటి లెక్క అంతా క్రిముల మీదే. నీళ్లు తేటగా ఉన్నాయి, క్రిమి లేదు, ఇంకేం కావాలి అనుకున్నారు. ఫ్లోరైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. కాచినా పోదు, పైగా నీరు ఆవిరై ఇంకాస్త చిక్కబడుతుంది. పటికా సున్నమూ కలిపి తేర్చే నల్గొండ పద్ధతిని 1970లలో జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ నీరి శాస్త్రవేత్తలు రూపొందించారు. చవకైనదే, కానీ నీటిని బట్టి పటిక మోతాదు మారుతుంది. రోజూ ఎవరో ఒకరు ఓపిగ్గా చేయాలి. ఇంటి పనీ పొలం పనీ చేసుకునే ఆడవాళ్ల మీద ఆ భారం కూడా వేసి, పద్ధతి విఫలమైందనడం న్యాయం కాదు.

ఫ్లోరోసిస్ నివారణకు కేంద్రం 2008-09లో జాతీయ కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు తొలి విడత జిల్లాల్లో నెల్లూరు కూడా ఉంది. 2014 అక్టోబరు 2న రాష్ట్రంలో ఎన్టీఆర్ సుజల పథకం వచ్చింది, అప్పట్లో రెండు రూపాయలకు ఇరవై లీటర్లు. ట్రస్టుల ప్లాంట్లకూ దాదాపు అదే నమూనా. తెల్లారేసరికి టీవీఎస్ ఎక్సెల్ బళ్లు బారులు తీరతాయి, డబ్బాలో నాణెం వేస్తే క్యాన్ నిండుతుంది.

ప్లాంటులో నీటిని వడగట్టే ఆర్వో పొర బాగున్నంతకాలం ఫ్లోరైడ్‌ను చాలావరకు ఆపుతుంది. పొర మార్చడానికి డబ్బు లేక ప్లాంటు నడుస్తూనే ఉంటే, జనం నమ్మకంగా తాగుతున్నది పాత బోరు నీళ్లే కావచ్చు. ఆపిన ఫ్లోరైడంతా వృథా నీళ్లలో చేరి పక్క కాలువలోకో, మళ్లీ నేలలోకో పోతుంది. ఇంకొకటి, ఎవరూ పెద్దగా పట్టించుకోనిది: క్యాన్ నీళ్లు తాగడానికే. అన్నం, పప్పు, టీ బోరు నీళ్లతోనే. బియ్యం ఉడుకుతూ ఆ ఫ్లోరైడ్‌నూ పీల్చుకుంటుంది. డబ్బు పెట్టి కొన్న జాగ్రత్త సగం పొయ్యి దగ్గర పోతోంది.

నీటి పరీక్ష పెద్ద విద్యేమీ కాదు. ఫీల్డ్ కిట్ సీసాలో గీత దాకా బోరు నీళ్లు పోసి, లెక్క ప్రకారం మందు చుక్కలు వేసి ఊపితే నీళ్లు ఎర్రబారతాయి. ఫ్లోరైడ్ ఎక్కువున్నకొద్దీ ఆ ఎరుపు తగ్గి పసుపులోకి తిరుగుతుంది. పక్కనున్న రంగుల పట్టీతో పోల్చి అంకె రాసుకోవడమే. పదో తరగతి పిల్లలు చేయగలరు. ఒకే వీధిలో రెండు బోర్లకు రెండు అంకెలు రావచ్చు. దేని నీళ్లు వంటకు, దేనివి గేదెలు కడగడానికి అన్నది ఆ రోజే తేలిపోతుంది.

శాశ్వత పరిష్కారం నది నీళ్లే. సాగర్ కుడికాలువ దర్శి దాకా వచ్చింది, అయినా వేసవిలో కాలువ కట్టేశాక నీటి పథకాల చెరువు అడుగంటితే ఊళ్లకు మళ్లీ బోరే దిక్కు. శ్రీశైలం నీళ్లను నల్లమల దాటించే పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగితే, జంట సొరంగాలను జాతికి అంకితం చేసింది 2024లో. ఆ నీళ్లు ప్రతి కుళాయికీ చేరే లోపు ఇంకెంతమంది పిల్లలకు పళ్లు వస్తాయో! పంటి మీద మచ్చ పడేది ఎనిమిదేళ్ల లోపే కాబట్టి ట్రస్టులు ముందుగా చేరాల్సింది అంగన్‌వాడీలకు, గర్భిణుల ఇళ్లకు. తాగడానికే కాక వండడానికీ మంచినీళ్లు ఉచితంగా ఇవ్వాలి. పాలు, గుడ్డు, మునగాకు, ఉసిరి అందితే కాల్షియం, సి విటమిన్ లోటు తగ్గి జబ్బు తీవ్రత అదుపులో ఉంటుంది. ప్లాంటుకు పెట్టే డబ్బులో కొంత పొర మార్చడానికి విడిగా బ్యాంకులో వేయాలి. ఆరు నెలలకోసారి పరీక్ష చేయించి, బోరు అంకె, క్యాన్ అంకె రెండూ దాత పేరు పక్కనే, అంత పెద్ద అక్షరాలతోనే రాయించాలి.